ముందు మోపెడ్, వెనక అమరావతి

గోపాలసామి నాయుడు నోరు తెరిచాడంటే కుమరేశన్ టీ అంగడిలో పాలు పొంగి పొయ్యి పాలవడం ఖాయమని కొండయ్యన్‌పాళయంలో చెప్పుకుంటారు. కుమరేశన్ చెవులు రెండూ ఆయనకు అప్పగించి పొయ్యి సంగతి మరిచిపోతాడు మరి. కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం పోయే రోడ్డు పక్కన ఉందా ఊరు. అక్కడివాళ్ళకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, వర్క్‌షాపులో ఇంగ్లీషు. గోపాలసామి కోతలు మాత్రం మూడు భాషల్లోనూ నడుస్తాయి.

ఆయనకు డెబ్బై దాటాయి. పొడుగు మనిషి, తెల్ల మీసం, మడత నలగని చొక్కా. తాతలనాటి తోటలన్నీ ఇళ్ళ సైట్లయిపోయి, చివరికి కాస్త కొబ్బరితోట మిగిలింది. బతుకులో ఆయన గెలిచిందంటూ ఏమీ లేదు. చెప్పుకోవడానికి మాత్రం ఏనాడూ కరువు పడలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం ఆయన ఒళ్ళో ఒక పసుపు గుడ్డసంచి ఉంది. సంచిలో ఆయనే టౌనుకు పోయి, నాలుగు అంగళ్ళు తిరిగి ఎంచుకొచ్చిన పొన్నాడ ఉంది. ఆ వైపు సన్మానమంటే పొన్నాడే, జరీ అంచు శాలువా. ఒకరి తర్వాత ఒకరు వచ్చి కప్పుతూనే ఉంటారు, కానీ మొదటిది కప్పినవాడిదే మర్యాద. ఫోటోగ్రాఫర్ నిలబెట్టి తీసేది కూడా ఆ ఒక్కటే. ఎన్నో సన్మానాల్లో గోపాలసామి కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఈసారి మాత్రం స్టేజీ ఎక్కి తీరాలనుకున్నాడు. ఈ వయసులో ఇంకో అవకాశం రాదని ఆయనకు తెలుసు.

సన్మానం అమరావతికి. రోడ్డుకు అవతల లైను ఇళ్ళల్లో పుట్టిన పిల్ల. తల్లి చెన్నమ్మాళ్ రెండు ఆవుల్ని పెట్టుకుని పాలు పోస్తుంది. పిల్ల నూరు మీటర్ల పరుగులో ముందు జిల్లా గెలిచింది, తర్వాత రాష్ట్రం, ఆ పైన దేశం. ఇక పరుగు తగ్గుతుందనుకునే వయసులో కలకత్తా నుంచి ఒక ఫుట్‌బాల్ కోచ్ వచ్చి చూసి, ఈ కాళ్ళకు బంతి కూడా తగిలిస్తే ఏమవుతుందో చూద్దామన్నాడట. ఏమైందంటే, ఒక క్లబ్బు ఆమెతో కాంట్రాక్టు రాసుకుంది, జీతమిచ్చి కుడి పక్కన ఆడించింది, రెండుసార్లు కప్పెత్తింది. పరుగులో మెడల్స్, ఫుట్‌బాల్‌లో జీతం, రెండూ ఒక్క మనిషికే రావడం ఆ చుట్టుపక్కల ఎవరూ కనీవినీ ఎరగరు. ఇప్పుడు ఆట చాలించి ఇంటికొస్తోంది.

అంగడి మీద కట్టిన ఫ్లెక్సులో ఊరి పెద్దల మొహాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. మూలన అమరావతి పరుగెత్తుతోంది. ఆమె ఎడమకాలు తెలుగు సంగం ప్రెసిడెంటు రాజ్‌మోహన్ భుజం కిందికి పోయి మాయమైంది.

ఆ రాజ్‌మోహనే ఇప్పుడు బెంచీ మీద ఎదురుగా కూర్చుని వాచీ చూసుకుంటున్నాడు. పంపుసెట్ల వర్క్‌షాపు ఓనరు, గోపాలసామికి అక్క కొడుకు. మొదటి పొన్నాడ నాదంటే నాదని కౌన్సిలరూ రైసుమిల్లు ఓనరూ మాటా మాటా అనుకున్నారు. ఆ రభస తట్టుకోలేక రాజ్‌మోహన్ ఒక తీర్పు చెప్పాడు. అమరావతికి మొట్టమొదట పరుగు నేర్పింది ఎవరో వాళ్ళే కప్పాలి, ఇంకో మాట లేదు. ఆ మాట పూర్తి కాకముందే గోపాలసామి చెయ్యెత్తేశాడు.

"సరి మామా, చెప్పు," అన్నాడు రాజ్‌మోహన్. "కోతలొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను పోయి మైకులో అనౌన్స్ చెయ్యాల."

గోపాలసామి ఒకసారి రోడ్డు వైపు చూశాడు. ఆ పరుగు సంగతి పూర్తిగా తెలిసినవాళ్ళు ఆయన గాక ఊళ్ళో ఇద్దరే. ఒకరు సాయంత్రం దిగబోయే అమరావతి. రెండోది చెన్నమ్మాళ్. ఆమె ఇంకాసేపట్లో పాలు పోయడానికి ఈ అంగడికే వస్తుంది. ఆమె రాకముందే కథ ముగించి, పేరు అనౌన్స్ చేయించుకోవాలి. ఇంతకన్నా సులభమైన పని ఉండదు, చెప్పేది వేరే మనిషైతే.

"ఉన్నదే చెప్తా ఉండాను రాజ్‌మోహనూ," అన్నాడు. "అప్పుడు మన అమ్మిణి అమరావతికి పదేండ్లుండునేమో. నా మోపెడ్ అప్పుడూ ఉండె, ఇప్పుడూ ఉండాది, అదో ఆ వేపచెట్టు కింద నిలబడి ఉండాది చూడు. దినమూ పొద్దున్నే తోటకు బయలుదేర్తా ఉంటిని. ఆమె బడికి పోతా ఉండె. కాలవ మిట్ట కాడ నుంచి బడి దాకా, ముందు మోపెడ్ మీద నేను, వెనక పరుగెత్తతా అమరావతి. వాన వచ్చినా అంతే, మంచు పట్టినా అంతే. అట్ల నేర్చుకొనె ఆ బిడ్డ పరుగు."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే ఆయన నాలుక రెండుచోట్ల తడబడింది, అలవాటు లేని పని గనక. ఒక్క ముక్క మాత్రం బయటికి రాకుండా టీతో పాటు మింగేశాడు.

రాజ్‌మోహన్ తల ఊపాడు. "బాగుండాది మామా. ఇది చాలు." లేవబోయాడు కూడా. గోపాలసామి అక్కడ ఆగి ఉంటే, ఆ సాయంత్రం ఎవరికీ ఏ చిక్కూ లేకుండా గడిచిపోయేది.

"అంతేనా అయ్యా?" అన్నాడు కుమరేశన్ గ్లాసులు కడుగుతూ.

గోపాలసామి ఎవరేమన్నా ఓర్చుకుంటాడు. తిట్టినా నవ్వేస్తాడు. అంతేనా అంటే మాత్రం ఒప్పుకోలేడు.

"అంతేనా అంటావేమిరా? కూర్చో రాజ్‌మోహనూ, ఇంగా మొదలే కాలేదు. నెల తిరిగేతలికి వెనక ఉన్న పిల్ల పక్కకు వచ్చె. ఇంకో నెలకు నన్ను దాటి పొయ్యె. నేను యాక్సిలరేటర్ మొత్తం తిప్పితిని, మోపెడ్ లబోదిబోమనె, ఆమె మాత్రం వెనక్కి తిరిగి, అయ్యా, నిదానంగా రండి అనె. అప్పురం ఏమాయెనో తెలుసునా? ఇంగ మోపెడ్‌తో పని కాదని మేట్టుపాళయం పిలుచుకొనిపోతిని. కొండ రైలు బయలుదేర్తా ఉండె. అమ్మిణీ, దీన్ని దాటు అంటిని. దాటేసె."

"ఊటీ పోయే రైలా?" అన్నాడు కుమరేశన్. "దాన్ని మా అత్త గూడా దాటును అయ్యా. పోయినసారి దిగి, కాలికి చెప్పు తొడుక్కొని, మళ్ళా ఎక్కె."

బెంచీ మీద ఉన్నవాళ్ళు నవ్వారు. గోపాలసామి నవ్వలేదు. రైలు మార్చడానికి ఆయనకు ఒక్క గుక్క టీ చాలు.

"కొండ రైలని ఎవడు చెప్పె? కొండ రైలు బయలుదేర్తా ఉండె అని చెప్తిని, అది పక్క ప్లాట్‌ఫారంలో. మేము నిలబడింది మద్రాసు పోయే ఎక్స్‌ప్రెస్ కాడ. గార్డు పచ్చ జెండా ఊపె. రైలు కదిలె, పిల్ల గూడా కదిలె. కారమడ దాటేతలికి ఇంజను మొహం కాడికి పొయ్యె. కోయంబత్తూరు స్టేషన్లో రైలు కన్నా ముందు పోయి, కొళాయి కాడ నీళ్ళు తాగతా నిలబడి ఉండె. టికెట్ కలెక్టర్ వచ్చి ఆమెను పట్టుకొనె. రైలులో ఎక్కలేదు కదా సార్ అంటే, ఎక్కకపోతే ఏమి, మా రైలు కన్నా ముందు వచ్చినారు, అది ఇంగా పెద్ద తప్పు అనె. నేను పోయి మాట్లాడి విడిపిస్తిని."

"నువ్వు యాడ ఉంటివి మామా అప్పుడు?" అన్నాడు రాజ్‌మోహన్. "ఆమెతో పరుగెత్తితివా?"

"రైలులో ఉంటిని. టికెట్ తీసుకొని." గోపాలసామి ఆ టికెట్ ఇంకా జేబులో ఉన్నట్టు చొక్కా తడుముకున్నాడు. "సరి, అది వదులు. తైపూసం పండగకు జనమంతా పళనికి నడిచి పోతారు కదా. ఒక ఏడు నేనూ మొక్కుకొంటిని, కాలు బెణికె. అమ్మిణీ, నాకు మారుగా నువ్వు పోయి రా అంటిని. ఇంట్లో పొయ్యి మీద ఇడ్లీ పెట్టి ఉండిరి. ఆవి వచ్చేలోపల వస్తానయ్యా అని బయలుదేరె. అప్పురం ఏమాయెనో తెలుసునా? పళని పోయి, కొండెక్కి, సామిని చూసి, పంచామృతం డబ్బా చేతిలో పట్టుకొని గడప కాడ నిలబడె. మా ఇంటామె మూత తీసి చూసె. ఇడ్లీ ఇంగా పచ్చిగానే ఉండె."

కుమరేశన్ చెయ్యి ఆపి అడిగాడు. "పొయ్యి అంటించినారా లేదా అయ్యా?"

ఈసారి రాజ్‌మోహన్ కూడా నవ్వాడు. వాచీ చూసుకోవడం మాత్రం మానేశాడు. గోపాలసామి అది గమనించాడు, గమనించి ఉబ్బిపోయాడు. ఒక మనిషి వాచీ మరిచిపోయి వింటున్నాడంటే, ఆయనకు అంతకు మించిన పొన్నాడ లేదు. రోడ్డు వైపు చూడాలన్న సంగతి కూడా అక్కడే మరిచిపోయాడు.

"నవ్వండి. ఇంగొకటి చెప్తా వినండి. ఆ పరుగులో ఏమాయెనంటే, ఆమె నీడ వెనకబడిపొయ్యె. పిల్ల వచ్చేసె, నీడ రాలేదు. ఎండలో నిలబెట్టి చుట్టూ చూస్తిమి, నేల మీద ఏమీ లేదు. ఆడపిల్ల, నీడ లేకుండా ఉంటే నలుగురూ ఏమంటారు? మోపెడ్ తీసుకొని వెతకతా పోతిని. తారాపురం దాటినాక చింతచెట్టు కింద కూర్చొని ఉండె, పాపం, ఎగరొప్పతా. చెట్టు నీడలో కలిసిపొయ్యె గదా, నేను గనక కనిపెడ్తిని, వేరేవాళ్ళయితే కనిపెట్టలేరు. వెనక సీటులో కూర్చోబెట్టుకొని తెచ్చి అప్పగిస్తిని."

"మోపెడ్‌కు వెనక సీటు ఉండాదా అయ్యా?"

"క్యారియర్ ఉండాది. నీడకు సీటు ఎందుకురా?"

అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. అతను పరుగున పోయి దించాడు. అదే సమయానికి రోడ్డు దాటి, చేతిలో పాల క్యానుతో ఒక మనిషి అంగడి పక్కకు వచ్చి నిలబడింది. గోపాలసామి వీపు అటు ఉంది. బెంచీ మీద వాళ్ళందరూ చూశారు, ఆయనొక్కడే చూడలేదు.

"ఇంగ ఫుట్‌బాల్ సంగతికి రాండి," అని ఆయన సంచిని ఒళ్ళో సర్దుకున్నాడు. "కలకత్తాలో ఆమె ఆట చూసినారు కదా అందరూ టీవీలో. తానే పక్క నుంచి బంతి కొట్టి, తానే మధ్యకు పరుగెత్తి, తానే తలతో గోలు వేసుకొనె. మిగిలిన పదిమందీ కూర్చొని టీలో వర్కీ బిస్కెట్లు ముంచుకొని తింటా ఉండిరి. అది ఊరంతా ఎరిగిందే. ఎవరూ ఎరగనిది నేను చెప్తా. లీవులో వచ్చి ఉండె ఆమె, కోయంబత్తూరు గ్రౌండులో చిన్న మ్యాచ్ ఆడమని పిల్చిరి. నేను గోల్ కీపర్."

"మామా," అన్నాడు రాజ్‌మోహన్. అతని కళ్ళు ఆయన భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాయి.

"నడిమధ్యలో మాట్లాడొద్దు. పెనాల్టీ. ఆమె నన్ను చూసె, అయ్యా, తప్పుకోండి, మీకు తగిలితే అమ్మ నన్ను తిట్టును అనె. గోపాలసామి తప్పుకొనునా? నిలబడితిని. కొట్టె. గాలికి నేను పక్కకు పోతిని, బంతి వల చించుకొని, గోడ దాటి, పోతనే ఉండె. పొల్లాచ్చి దాటె. పళని కొండ కాడ సామికి ఒక ప్రదక్షిణం చేసె. అప్పురం ఏమాయెనో తెలుసునా? నేరుగా పోయి మదురై మాట్టుతావణి మార్కెట్టులో గుమ్మడికాయల గుట్ట మీద పడె. పడేతలికి అక్కడ ఎవరు నిలబడి ఉండిరో చెప్పండి చూద్దాం. అమరావతి. బంతి కన్నా ముందు పోయి, కాయల మధ్యలో నిలబడి, రా రా అని పిలస్తా ఉండె. అయినా లాభం లేకపొయ్యె. అంతలోనే వ్యాపారస్తుడు దాన్ని తూకం వేసి ఎవరో అమ్మగారికి అమ్మేసె. ఆయమ్మ ఇంటికి పోయి సాంబారుకని కత్తి పెడ్తే బుస్సుమని గాలి వచ్చె. ఇక్కడ రెఫరీ చూసె, బంతి బయటికి పొయ్యె, త్రో మదురై నుంచి వెయ్యాల, అది రూల్ అనె. బస్‌స్టాండులో ఒక కండక్టర్ నిలబడి ఉండె, ఆయనే వేసె."

కుమరేశన్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. బెంచీ చివర ఒకాయన పొలమారి దగ్గాడు. గోపాలసామి మీసం తుడుచుకుని, న్యాయంగా గెలిచినవాడి లాగా రాజ్‌మోహన్ వైపు తిరిగాడు.

"ఇదంతా యాడ నుంచి వచ్చె? ఆ కాలవ మిట్ట నుంచి వచ్చె. ముందు మోపెడ్ మీద నేను, వెనక అమరావతి. ఇంగ పోయి అనౌన్స్ చెయ్యి."

"అయ్య చెప్పింది సరే," అంది వెనక నుంచి ఒక గొంతు. "ముందు అయ్య, వెనక నా కూతురు. తోస్తా ఉండె."

గోపాలసామి తిరిగి చూడలేదు. ఆ గొంతు ఎవరిదో చూడనవసరం లేదు.

చెన్నమ్మాళ్ క్యాను బల్ల మీద పెట్టింది. ఆమెకు ఆయన మీద కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. పాలెన్ని పోయాలో చెప్పేటప్పుడు ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. "అయ్య బండి ఏ దినమూ స్టార్టు పట్టేది కాదు. నా కూతురు బడికి పోతా ఉంటే, అమ్మిణీ, ఒక చెయ్యి వెయ్యి అని పిలిచేది. అది సంచి వీపుకు కట్టుకొని వంగి తోసేది. మిట్ట ఎక్కేవరకు తోసేది. అయ్య దిగేది లేదు, పైన కూర్చొనే ఉండేది. బండి పట్టినాక, పట్టుకో అని ఒక వర్కీ ఇచ్చేది. దినానికి ఒకటి."

"దిగేది లేదా?" అన్నాడు కుమరేశన్.

"చెప్పులకు బురద అంటునని."

అంగడి మొత్తం ఒక్కసారి నవ్వింది. ఇంకో ఫ్లెక్సు కట్టడానికి వచ్చినవాళ్ళు నిచ్చెన మీదే నవ్వారు. రైలును దాటించినప్పుడు, నీడను తెచ్చినప్పుడు కూడా ఇంత నవ్వు రాలేదు. కాని ఆ నవ్వులు ఆయనవి. ఇది ఆయన మీద. గోపాలసామికి చెవులు వేడెక్కాయి. పసుపు సంచి మూతిని రెండు చేతులతో మెలిపెట్టి పట్టుకున్నాడు, ఎవరైనా లోపలికి చూస్తారేమో అన్నట్టు. సిగ్గేసింది ఆయనకు. ఇంటికి పోదామంటే మోపెడ్ ఎదురుగానే ఉంది, అది కూడా ఒక పట్టాన పట్టదు.

రాజ్‌మోహన్ నవ్వు ఆపుకుని ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఏమనుకోవద్దు మామా. మొదటిది కౌన్సిలర్‌తో కప్పిద్దాం. నీది గూడా కప్పు, వరుసలో ఎప్పుడో ఒకప్పుడు వస్తాది."

"సరి," అన్నాడు గోపాలసామి. ఆయన నోట ఒకే మాటతో జవాబు రావడం కుమరేశన్ మొదటిసారి విన్నాడు. పాపమనిపించి, అడగకుండానే ఇంకో టీ పోసి పక్కన పెట్టాడు.

ఆ టీ చల్లారకముందే సంగం కారు వచ్చింది. కాలవ మిట్ట అవతల, సన్మానం జరిగే మండపం దాకా పోవాల్సిన బండి, తల్లి కనబడగానే అంగడి ముందే ఆగింది. అమరావతి దిగింది. నీలం ట్రాక్‌సూటు, కురచ జుట్టు, టీవీలో కంటే పొట్టిగా ఉంది. తల్లి చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత అంగడి అంతా కలయజూసింది.

"మోపెడ్డయ్య యాడమ్మా?"

ఆ పేరు వినగానే మళ్ళీ నవ్వులు లేచాయి. గోపాలసామి తల దించుకుని టీ గ్లాసు లోపలికి చూశాడు. అమరావతికి ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. కుమరేశన్ చెప్పాడు, రైలు, ఇడ్లీ, నీడ, గుమ్మడికాయ అన్నీ వరుసగా చెప్పి, చివర చెన్నమ్మాళ్ మాట కూడా చెప్పాడు. ఆమె కూడా నవ్వింది, గుమ్మడికాయ దగ్గర బాగా నవ్వింది. నవ్వి, పోయి ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆ బెంచీ మీద, ఆయన పక్కన, ఆమె కూర్చోవడం అదే మొదలు.

"అమ్మ చెప్పింది నిజమే," అంది. "ఒక్క మాట అమ్మకు తెలియదు. మద్రాసు క్యాంపులో కోచ్ మమ్మల్ని వరసగా నిలబెట్టి విజిల్ ఊదె. అందరూ రెండు అడుగులేసి నిలువుగా లేచిపోతారు. నేనొక్కదాన్నే చాలా దూరం వంగే పోతా ఉంటిని, భుజం ముందు పెట్టి. కోచ్ ఆపి అడిగె, ఇట్ల స్టార్ట్ ఎవరు నేర్పించె అని. ఎన్నో ఏండ్లు చెప్పిచ్చినా ఇది రాదంట. మా ఊర్లో ఒక అయ్య ఉండారు సార్, ఆయన కాడ ఒక మోపెడ్ ఉండాది అని చెప్తిని. మరుసటి దినం నుంచి క్యాంపులో అందరితోనూ, ఇసుక మూటలు వేసిన బండి తోయించిరి. అమ్మాయిలందరూ అయ్యను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రాజ్‌మోహన్ ముందుకు వంగి వింటున్నాడు.

"ఫుట్‌బాల్‌లో గూడా అంతే. పక్క నుంచి భుజం వేసి తోసేస్తారు. నేను పడను. అయ్య బరువు మోసిన భుజం ఇది, వాళ్ళు ఏ మూల?" అని ఆమె గోపాలసామి వైపు తిరిగింది. "మీరు దిగి ఉంటే నేను ఇంత దూరం పోయి ఉండను అయ్యా. దిగకపోయినందుకే పోతిని."

గోపాలసామి సంచిని గుండెకు హత్తుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఆయన చెప్పిన కోతల్లో దేన్నీ ఎవరూ నమ్మలేదు. దాచిపెట్టి మింగుతూ వచ్చిన ఒక్క ముక్క మద్రాసు దాకా పోయి, కలకత్తా దాకా పోయి, కప్పు గెలిచి తిరిగొచ్చింది. ఆయనకు కళ్ళు తడి అయ్యాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, సంచి ఉంది.

"అయితే నేర్పింది మా మామే," అన్నాడు రాజ్‌మోహన్ లేస్తూ. "తెలిసి నేర్పినా తెలియక నేర్పినా, తీర్పు తీర్పే. కౌన్సిలర్‌తో నేను మాట్లాడుకుంటా. పోదాం, కారెక్కమ్మా."

"నేను అయ్య బండితో వస్తా," అంది అమరావతి.

వేపచెట్టు కింది నుంచి మోపెడ్‌ను తీసుకొచ్చి రోడ్డు మీద నిలబెట్టారు. గోపాలసామి సంచిని హ్యాండిల్‌కు తగిలించి, ఎక్కి, తొక్కాడు. బండి ఒకసారి దగ్గి ఊరుకుంది. ఇంకోసారి తొక్కితే అది కూడా లేదు. ఊరంతా చూస్తోంది. ఆయన ఒక కాలు కింద పెట్టి దిగబోయాడు.

"దిగొద్దయ్యా," అంది ఆమె. "దిగితే బరువు తక్కువ పడును."

అని వంగింది. భుజం క్యారియర్‌కు ఆనించి, తల దించి, కాళ్ళు నేలలో పాతినట్టు పెట్టి తోసింది. ముప్పై మూడేళ్ళ మనిషి వీపు పదేళ్ళ పిల్ల వీపులాగానే వంగింది. చెన్నమ్మాళ్ అది చూసి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బండి కదిలి, ఊగి, కాలవ మిట్ట సగం ఎక్కాక పొగ వదిలి పట్టుకుంది. గోపాలసామి యాక్సిలరేటర్ మొత్తం తిప్పాడు. పక్కన చప్పుడు లేకుండా ఏదో వచ్చినట్టనిపించి చూస్తే అమరావతి. నవ్వుతూ ఒకసారి ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఆయన్ని దాటి పోయింది.

దాటింది, నిజంగానే దాటింది. ఊరి జనం అందరి ఎదుట ఆ పిల్ల ఆయన మోపెడ్‌ను దాటింది. చెప్పినవాటిలో ఒక్క కోత కళ్ళముందు నిజమైపోతుంటే గోపాలసామికి పట్టరాని సంతోషం వచ్చింది. తిరిగి చూసి అరిచాడు, "చూస్తిరా? చూస్తిరా అందరూ?"

మండపం గేటు దగ్గరికి మోపెడ్ చేరేసరికి అమరావతి అప్పటికే నిలబడి ఉంది, ఎగరొప్పడం కూడా లేదు. ఆమె పక్కన, చేతిలో పాల క్యానుతో, చెన్నమ్మాళ్ కూడా నిలబడి ఉంది. ఆమె పరుగెత్తలేదు. రోజూ నడిచే నడకే నడిచి వచ్చింది. టీ కెటిల్ పట్టుకుని కుమరేశన్ కూడా వచ్చేశాడు.

గోపాలసామి బండి ఆపి, గొప్పగా దిగి, మీసం దువ్వుకున్నాడు. "ఏమిరా కుమరేశా, నేను చెప్పింది కోతనా? నా మోపెడ్‌ను దాటెనా లేదా?"

"దాటె అయ్యా, కాదనలేదు," అన్నాడు కుమరేశన్. "చెన్నమ్మాళ్ గూడా దాటె. కెటిల్ పట్టుకొని నేను గూడా దాటితిని. మా ఇద్దరికీ గూడా పొన్నాడ తెచ్చినారా?"

జనం గొల్లున నవ్వారు. వాళ్ళకంటే ఎక్కువ గోపాలసామే నవ్వాడు, కడుపు పట్టుకుని, మోపెడ్‌కు ఆనుకుని నవ్వాడు. తన మీద వచ్చిన నవ్వులో తానూ కూర్చోవడానికి చోటుందని ఆయనకు ఆ రోజే తెలిసింది.

స్టేజీ మీద మొదటి పొన్నాడ ఆయనే కప్పాడు. ఫోటోగ్రాఫర్ నిలబెట్టి తీశాడు. రాజ్‌మోహన్ మైకు చేతికిచ్చి, రెండు మాటలు చెప్పు మామా అన్నాడు, అని వెంటనే భయపడ్డాడు కూడా. కింద కుమరేశన్ కెటిల్ బల్ల మీద పెట్టేసి, తీరుబడిగా కుర్చీ లాక్కున్నాడు. గోపాలసామి మైకు వైపు చూశాడు, దాన్ని పక్కకు తిప్పి, శాలువా సర్దే వంకతో అమరావతి చెవి దగ్గరికి వంగాడు.

"అమ్మిణీ, రేప్పొద్దున నాకు తోటకు పోయే పని ఉండాది. ఎన్ని గంటలకు వస్తావు?"

"వస్తా అయ్యా," అంది ఆమె ఫోటోకి నవ్వుతూనే. "ఈసారి రెండు వర్కీలు."